రెండో స్లైడ్ ఎవరిది? కాలేజీ లాక్రోస్ అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం: ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మీరు ముందుగా రాసి పంపిన ప్రశ్నలు చూశాను. సగం పిల్లల గురించి, సగం ఉద్యోగం గురించి. అమెరికాలో మేరీలాండ్, న్యూజెర్సీ, వర్జీనియా వైపు స్కూళ్లలో లాక్రోస్ పెద్ద ఆట, అక్కడ చదివే మన పిల్లలూ స్టిక్ పట్టుకుంటున్నారు. కాలేజీలో ఆడటం అయిపోయాక ఇందులోనే బతుకుదెరువు ఉందా అని ఎక్కువమంది అడిగారు. ఉంది. కాకపోతే శనివారం మధ్యాహ్నం లైన్ పక్కన టోపీ పెట్టుకుని అరుస్తూ మీకు కనిపించే మనిషికి జీతమిచ్చేది ఆ రెండు గంటల అరుపుకి కాదు.

సూటిగా చెప్పేస్తాను. అసిస్టెంట్ కోచ్‌ని ఉద్యోగంలోకి తీసుకునేది ఆటగాళ్లను వెతికి తెస్తాడని. ఉంచుకునేది తన చేతికిచ్చిన విభాగం సరిగ్గా ఆడిందని. డిఫెన్స్ కావచ్చు, అఫెన్స్ కావచ్చు, ఫేసాఫ్ (మైదానం మధ్యలో బంతి కోసం ఇద్దరు తలపడటం) కావచ్చు. ఇక పంపేసేది చాలాసార్లు అతని తప్పేమీ లేకుండానే, హెడ్ కోచ్‌తో పాటు. ఈ మూడూ అర్థమైతే మిగతాది వివరమే. ఆ వివరంలోనే ఈ రోజు సమయమంతా పెడదాం.

ఆట తెలియని వాళ్ల కోసం కొంచెం. చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టుకుని, విసిరి, ఎదుటి జట్టు గోల్‌లో వేయడమే లాక్రోస్. ఉత్తర అమెరికా మూలవాసుల ఆట ఇది. వాళ్లలో హోడెనోషోనీ ప్రజలకు ఇప్పటికీ పవిత్రమైనది. 1867లో మాంట్రియల్‌లో విలియం జార్జ్ బీర్స్ రాసిన నియమాలతో ఇప్పటి రూపానికి పునాది పడింది. మగవాళ్ల కాలేజీ ఆటలో మైదానం 110 గజాల పొడవు, 60 గజాల వెడల్పు. జట్టుకు పదిమంది: గోలీ, ముగ్గురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు అటాక్. గోల్ ఆరడుగుల చతురస్రం. దాని చుట్టూ 9 అడుగుల వ్యాసార్థంతో క్రీజ్ అనే వలయం. గోల్ వెనక కూడా 15 గజాల చోటుంది, అక్కడి నుంచీ దాడి నడుస్తుంది. ఆ వెనక భాగం మధ్యని అందరూ 'ఎక్స్' అంటారు. పొట్టి స్టిక్ 40 నుంచి 42 అంగుళాలు, పొడుగు స్టిక్ 52 నుంచి 72. ఒకేసారి నలుగురికి మించి పొడుగు స్టిక్ పట్టకూడదు. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలు. 2019 సీజన్ నుంచి 80 సెకన్ల షాట్ క్లాక్, అంటే ఆ లోపు షాట్ కొట్టాలన్న గడువు, వచ్చింది. బంతి చేజిక్కిన జట్టు మొదటి 20 సెకన్లలో మధ్యగీత దాటించాలి. ఈ క్లాక్ వల్ల అసిస్టెంట్ల పని ఎంత మారిందో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఇప్పుడు కోచింగ్ బృందం. కాలేజీ క్రీడల్లో మూడు స్థాయిలు, అన్నిటికన్నా పైది డివిజన్ 1. అక్కడ చాలా ఏళ్లు ఒక హెడ్ కోచ్, జీతమున్న ఇద్దరు అసిస్టెంట్లు, జీతం లేని ఒక వాలంటీర్ కోచ్ అన్నది లెక్క. ఆ వాలంటీర్ కోచ్ రోజంతా పనిచేసేవాడు, నెలాఖరుకి కాలేజీ నుంచి రూపాయి రాదు. వేసవి క్యాంపుల్లో నాలుగు డాలర్లు సంపాదించుకుని ఏడాదంతా నెట్టుకొచ్చేవాడు. 2023 జులై 1 నుంచి కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ పదవినే తీసేసి, ఆ నాలుగో మనిషికి కూడా జీతం ఇవ్వొచ్చు అంది. ఇవ్వొచ్చు అంది, ఇవ్వాలి అనలేదు. డబ్బున్న కాలేజీలు ఆ కుర్చీకి పూర్తి జీతమిచ్చాయి, లేనివి పార్ట్ టైమ్‌తో సరిపెట్టాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ప్రకటనలో 'పూర్తికాలం', 'ఆరోగ్య బీమా' అన్న మాటలు ఉన్నాయా లేదా అని రెండుసార్లు చూడాల్సింది అందుకే.

పని పంపకం మామూలుగా ఇలా ఉంటుంది. ఒక అసిస్టెంట్‌కి డిఫెన్స్, గోలీలు, మ్యాన్-డౌన్ (పెనాల్టీ వల్ల ఒకరు తక్కువగా ఆడటం). ఇంకొకరికి అఫెన్స్, మ్యాన్-అప్ (ఎదుటివాళ్ల కన్నా ఒకరు ఎక్కువగా ఆడటం). మూడో వ్యక్తికి ఫేసాఫ్, వింగ్స్ (ఫేసాఫ్ బంతి కోసం పక్కల నుంచి పరిగెత్తేవాళ్లు), సబ్‌స్టిట్యూషన్ బాక్స్, మ్యాచ్ వీడియోలు చూసే ఫిల్మ్ గది, బస్సు, హోటల్, భోజనం, స్టిక్కులు. హెడ్ కోచ్ కూడా ఒక విభాగం తన దగ్గరే ఉంచుకుంటే, ఆ వైపు అసిస్టెంట్‌కి పేరు తక్కువ, పని ఎక్కువ. ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మ్యాచ్ జరుగుతుండగా నా విభాగంలో ప్లే మార్చే మాట ఎవరిది?

ఇక వారం ఎలా నడుస్తుందో చూద్దాం. ఈ ఉద్యోగం అసలు రూపం అక్కడుంది.

సీజన్ ఫిబ్రవరి నుంచి మే వరకు. ఎక్కువ మ్యాచ్‌లు శనివారం. సీజన్‌లో ఆటగాళ్లకి వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదు, వారంలో ఒక రోజు పూర్తి సెలవు. ప్రాక్టీసు, కోచ్‌తో కూర్చుని చూసే ఫిల్మ్, వెయిట్ రూమ్ అన్నీ ఆ 20లోనే. మ్యాచ్ రోజు ఎంతసేపు పట్టినా మూడు గంటల కిందే లెక్క. ఈ పరిమితి ఆటగాళ్లకే, కోచ్‌కి లేదు. ఆటగాడి ఒక్కో గంట వెనక కోచ్ గంటలు ఎన్నో ఉంటాయి.

ఆదివారం ఉదయం కల్లా నిన్నటి మ్యాచ్ ఫిల్మ్ ముక్కలై ఉండాలి. తర్వాత రాబోయే ప్రత్యర్థి చివరి మూడు మ్యాచ్‌లు. ఒక్కో జట్టుకు మ్యాచ్‌కి సుమారు 40 పొసెషన్లు, అంటే బంతి చేతికొచ్చినప్పటి నుంచి పోయేదాకా సాగే విడతలు. ప్రతిదానికీ ట్యాగులు వేయాలి: పొసెషన్ ఎలా మొదలైంది, ఫేసాఫా, సేవ్ తర్వాత క్లియరా (బంతిని తమ సగం నుంచి అవతలికి తీసుకెళ్లడం), గ్రౌండ్ బాలా (నేల మీది బంతి), ఏ సెట్‌లో, అంటే ఏ అమరికలో, నిలబడ్డారు, 2-2-2 నా, 1-4-1 నా, డాడ్జ్ (డిఫెండర్‌ని తప్పించుకుని దూసుకెళ్లడం) ఎవరు చేశారు, ఎక్కణ్నుంచి, ఏ చేత్తో, పిక్ (డిఫెండర్ దారికి అడ్డం నిలబడటం) ఉందా, మన స్లైడ్ (సాయానికి ఇంకో డిఫెండర్ రావడం) లాంటిది వచ్చినప్పుడు బంతి ఎటు పోయింది, షాట్ ఎక్కణ్నుంచి, ఏ ఎత్తులో, నేలకేసి కొట్టాడా, పైకి కొట్టాడా, షాట్ క్లాక్‌లో ఎన్ని సెకన్లు మిగిలాయి. మూడు మ్యాచ్‌లంటే సుమారు 120 పొసెషన్లు. సాఫ్ట్‌వేర్ లెక్కలు తీస్తుంది, ట్యాగులు మాత్రం మనిషే వేయాలి. కొత్తగా చేరిన అసిస్టెంట్ మొదటి రెండేళ్లు గడిపేది ఈ కుర్చీలోనే.

ఇక్కడ జరిగే తప్పులు చెబుతాను. మొదటిది, 15-4తో గెలుస్తున్న మ్యాచ్ నాలుగో క్వార్టర్‌ని కూడా లెక్కలో కలపడం. అక్కడ ఆడింది రిజర్వ్ ఆటగాళ్లు. ఆ ముక్క తీసేయాలి. రెండోది, ప్రత్యర్థి గత వారం జోన్ డిఫెన్స్ (ఒక్కొక్కరు ఒక చోటు కాయడం) మీద ఆడి ఉంటే ఆ డాడ్జులు మనకి పనికిరావు, మనం ఆడేది మ్యాన్-టు-మ్యాన్ (ఒక్కొక్కరు ఒక మనిషిని కాయడం) అయితే. మూడోది అన్నిటికన్నా పెద్దది: దొరికిందంతా ఆటగాళ్లకి చెప్పేయడం. పన్నెండు పేజీల స్కౌటింగ్ రిపోర్టు చూసి హెడ్ కోచ్ మెచ్చుకోవచ్చు. ఇరవై ఏళ్ల డిఫెండర్ మైదానంలో మూడు వాక్యాలకు మించి గుర్తుపెట్టుకోలేడు.

ఆ మూడు వాక్యాలు ఎలా ఉండాలో ఊహించి ఒక ఉదాహరణ ఇస్తాను. "22 నంబర్: ఎక్స్ నుంచి కుడిచేత్తో మొదలుపెడతాడు. ఆపితే వెనక్కి తిరిగి ఎడమచేతికి మారుస్తాడు. ఎడమచేత్తో షాట్ కొట్టడు, పాస్ కోసం చూస్తాడు." అంతే. దీన్నుంచి డిఫెండర్‌కి ఏం చేయాలో దానంతట అదే వస్తుంది: కుడి దారి మొత్తం మూసేయాలి, వెనక్కి తిరగనివ్వాలి. మిగతా ఐదుగురికీ వస్తుంది: అతను ఎడమచేతికి మారగానే ఎవరూ స్లైడ్‌కి కదలకూడదు, ఎవరి మనిషిని వాళ్లు పట్టుకోవాలి, ఎందుకంటే అతను ఎదురుచూసేది స్లైడ్ కోసమే. 120 పొసెషన్లు చూసి ఈ మూడు వాక్యాలు తేగలిగినవాడు మంచి అసిస్టెంట్. నలభై వాక్యాలు తెచ్చినవాడు ఇంకా గుమాస్తా పనిలోనే ఉన్నట్టు.

సోమవారం సాధారణంగా ఆటగాళ్లకి సెలవు, కోచ్‌లకి ప్లాన్ రాసే రోజు. మంగళవారం గట్టి ప్రాక్టీసు. బుధవారం స్కౌట్ టీమ్, అంటే మన రిజర్వ్ ఆటగాళ్లు, ప్రత్యర్థి సెట్లు ఆడతారు. ఇక్కడ అసిస్టెంట్ రిజర్వ్ కుర్రాళ్లకి కార్డులు గీసి ఇవ్వాలి, బొమ్మ పెద్దదిగా, నంబర్లు ప్రత్యర్థివే. కార్డు చూసుకోవడానికి పది సెకన్లు మించితే ప్రాక్టీసు చల్లబడిపోతుంది. గురువారం మ్యాన్-అప్, మ్యాన్-డౌన్, క్లియర్లు. శుక్రవారం తేలిగ్గా నడిపించడం, ప్రయాణం. మధ్యలో మంగళవారం మ్యాచ్ పడితే ఈ వారమంతా మూడు రోజుల్లోకి ముడుచుకుంటుంది.

డిఫెన్స్‌లో అసలు బోధన ఏమిటో ఒక్కటి దగ్గరగా చూద్దాం. స్లైడ్. బంతి ఉన్నవాడు తన డిఫెండర్‌ని దాటేస్తే, పక్కవాడు తన మనిషిని వదిలి సాయానికి వెళ్లడమే స్లైడ్. వెళ్లాల్సిన మొదటివాడు ముందుగానే "హాట్" అని అరవాలి. అతను వదిలిన మనిషిని పట్టుకోవాల్సిన రెండోవాడు "టూ" అని అరవాలి. కబడ్డీ చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది: కార్నర్ వెళ్లి రైడర్ కాలు పట్టుకున్నాడు, కవర్ రాలేదు, రైడర్ గీత మీదికి దూకేశాడు. తప్పు కార్నర్‌ది కాదు. లాక్రోస్‌లో కూడా గోల్ తిన్నాక జనమంతా మొదటి స్లైడ్‌ని తిడతారు, ఫిల్మ్ ఆపి చూస్తే చాలాసార్లు లేనిది రెండో స్లైడ్.

నేర్పే వరుస: ముందు నలుగురు దాడి, ముగ్గురు డిఫెన్స్. తర్వాత ఐదుగురి మీద నలుగురు. ఆ తర్వాతే ఆరుగురి మీద ఆరుగురు. మొదటి రోజే ఆరుగురితో మొదలుపెడితే ఎవరి తప్పో ఎవరికీ తెలియదు. ఒక రౌండ్ ఇరవై సెకన్లు దాటకూడదు. బంతి డాడ్జ్‌తోనే మొదలవ్వాలి, పాసులతో కాదు. లేదంటే స్లైడ్ అవసరమే రాదు.

తప్పులెక్కడ వస్తాయి? స్లైడ్ చేసేవాడు నిలబడే చోటు తన మనిషికి మరీ దగ్గరైపోతుంది, బంతి దగ్గరికి వెళ్లడానికి ఆరు అడుగులు వేయాల్సి వస్తుంది, ఆలస్యమవుతుంది. దానికి మందు అరుపు కాదు, మొదట నిలబెట్టే చోటు రెండడుగులు లోపలికి జరపడం. ఇంకోటి, వెళ్లినవాడు స్టిక్ మీదికి స్టిక్ విసురుతాడు. చేతులకి, ఛాతీకి ఎదురు పోవాలి. స్టిక్ విసిరితే డాడ్జర్ ఒక్క అడుగు పక్కకేసి షాట్ కొట్టేస్తాడు. మూడోది, డాడ్జ్ చేసేవాడి తుంటి ఇంకా డిఫెండర్‌ని దాటకముందే తొందరపడి స్లైడ్ పోవడం. అప్పుడు ఉన్న సమస్య పోయి లేని సమస్య వస్తుంది. నాలుగోది గోలీ నోరు. గోల్ వెనక బంతి ఉన్నప్పుడు మిగతావాళ్లు సగంసేపు దాన్ని చూడలేరు, గోలీ ఒక్కడికే మొత్తం కనిపిస్తుంది. బంతి ఎక్కడుందో అతను ప్రతి పాస్‌కీ చెబుతూనే ఉండాలి. నోరు విప్పని గోలీ ఎంత బాగా ఆపినా డిఫెన్స్ కోచ్‌కి నిద్రపట్టదు.

మ్యాన్-డౌన్ అంటే పెనాల్టీ వల్ల ఆరుగురి మీద ఐదుగురు. టెక్నికల్ ఫౌల్‌కి 30 సెకన్లు, పర్సనల్ ఫౌల్‌కి నిమిషం నుంచి మూడు నిమిషాలు. ఇక్కడ కోచ్ చెప్పాల్సింది చాలా తక్కువ: స్టిక్కులు పాస్ దారిలో పైకెత్తి ఉంచండి, పాస్ నటనకి బయటికి దూకకండి, క్రీజ్ ముందున్నవాణ్ని వదలకండి. బయటి నుంచి 15 గజాల షాట్ ఇవ్వడం ఓటమి కాదు, గోలీ దాన్ని ఆపడానికే ఉన్నాడు.

క్లియర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పోగొట్టుకున్న బంతులు స్కోరుబోర్డు మీద కనిపించవు. గోలీ సేవ్ చేశాక క్రీజ్‌లో బంతితో నాలుగు సెకన్లే ఉండొచ్చు. మొత్తం 20 సెకన్లలో మధ్యగీత దాటాలి. చెడేది ఎలాగంటే, గోలీ ముందు దూరంగా ఉన్న అటాక్ వైపు చూస్తాడు, రెండు సెకన్లు పోతాయి. మిడ్‌ఫీల్డర్లు సాయం చేద్దామని బంతి వైపు పరిగెత్తుకొస్తారు, వాళ్లతోపాటు వాళ్లని కాసేవాళ్లూ వస్తారు, చోటు ఇరుకైపోతుంది. డిఫెండర్లు పక్కగీతల వరకు వెడల్పుగా విడిపోవాలి, మొదటి పాస్ రెండు మూడు సెకన్లలో పోవాలి. పొడుగు స్టిక్ డిఫెండర్ బంతితో మధ్యగీత దాటితే ఒక మిడ్‌ఫీల్డర్ వెనకే ఆగిపోవాలి. లేదంటే ఆఫ్‌సైడ్. బాక్స్ దగ్గర నిలబడ్డ అసిస్టెంట్ గొంతు చించుకునేది ఈ మాటకే: "మిడ్డీ బ్యాక్!"

బాక్స్ అంటే సబ్‌స్టిట్యూషన్ జరిగే చోటు. చూసేవాళ్లకి అక్కడ గందరగోళం తప్ప ఏమీ కనిపించదు. బంతి పోగానే అఫెన్స్ మిడ్‌ఫీల్డర్లు బయటికి పరుగు, పొట్టి స్టిక్ డిఫెన్స్ మిడ్‌ఫీల్డర్లు ఇద్దరు, పొడుగు స్టిక్ వాడొకడు లోపలికి పరుగు. ఇద్దరు బయటికొచ్చి ముగ్గురు లోపలికెళ్తే అదే 30 సెకన్ల పెనాల్టీ. షాట్ క్లాక్ వచ్చాక ఈ మార్పులకి దొరికే సమయం తగ్గింది. క్లాక్ అయిపోవస్తున్న ఆఖరి పది సెకన్లలో ఎవరిని మార్చాలో ముందే రాసుకోని బాక్స్ కోచ్ మ్యాచ్‌కి ఒకటి రెండు గోల్స్ ఊరికే ఇచ్చేస్తాడు.

చిన్న పనుల్లో రెండే చెబుతాను, ఎందుకంటే వీటితోనే కొత్తవాణ్ని తూచేస్తారు. ఒకటి, మ్యాచ్‌కి ముందు గోలీకి షాట్లు కొట్టి వార్మప్ చేయించడం. పది పన్నెండు గజాల నుంచి మొదలు. స్టిక్ వైపు పైన, రెండో వైపు పైన, తుంటి దగ్గర, కింద, తర్వాత బౌన్స్. గోలీ చేతులకి బంతి తగలాలి, అతనికి ధైర్యం రావాలి. తన షాట్ ఎంత గట్టిదో చూపించుకోవాలనుకునే యువ కోచ్ గోలీని భయపెట్టి మైదానంలోకి పంపుతాడు. పాతబడి నున్నగా మెరిసే బంతులు వాడకూడదు, మ్యాచ్‌లో కొత్త బంతి వేరేగా లేస్తుంది. రెండోది, స్టిక్ పాకెట్లు, అంటే బంతి కూర్చునే వల లోతు. బంతి పెట్టి చూస్తే దాని పైఅంచు పక్కగోడ కింది అంచు కన్నా కిందికి దిగకూడదు. వానలో మెష్, అంటే ఆ వల, నాని సాగుతుంది. మధ్యాహ్నం సరిగ్గా ఉన్న స్టిక్ మూడో క్వార్టర్‌కి నియమం దాటేస్తుంది. గోల్ కొట్టాక రెఫరీ స్టిక్ తనిఖీ చేస్తే పోయేది ఆ గోలే. అందుకే వాన పడుతుంటే హాఫ్‌టైమ్‌లో అటాక్ వాళ్ల స్టిక్కులన్నీ అసిస్టెంట్ చేతుల్లోంచి పోవాలి.

ఫేసాఫ్ మీద ఒక్క మాట. 2021 నుంచి మోకాలు కింద పెట్టకూడదు, రెండు అరచేతులూ కిందికి పెట్టి స్టిక్ పట్టే పాత మోటార్‌సైకిల్ పట్టు కుదరదు. ఏళ్ల తరబడి ఒకే పద్ధతి నేర్పిన కోచ్‌లు ఆ ఏడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. నియమాల పుస్తకం ప్రతి మార్పూ చదవని అసిస్టెంట్‌కి ఆ విభాగం ఇవ్వకూడదు.

ఇప్పుడు రిక్రూటింగ్. తల్లిదండ్రులు ఇది శ్రద్ధగా వినండి, ఉద్యోగం చేయబోయేవాళ్లు ఇంకా శ్రద్ధగా.

ఒకప్పుడు ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలే ఫలానా కాలేజీకి మాటిచ్చేశామనేవారు. 2017లో కోచ్‌ల సంఘాలే ముందుకొచ్చి అడిగితే నియమం మారింది: డివిజన్ 1లో జూనియర్ సంవత్సరం, అంటే పదకొండో తరగతి, సెప్టెంబర్ 1కి ముందు కోచ్ పిల్లవాడితో రిక్రూటింగ్ మాట మాట్లాడకూడదు. అందుకని ఆ తారీఖు ఈ వృత్తిలో పండగ లాంటిది, పరీక్ష లాంటిది కూడా. ఎవరికి మొదటి ఫోన్, ఎవరికి రెండోది అన్న జాబితా ఆగస్టు కల్లా సిద్ధంగా ఉండాలి. మొదటి రోజు ఫోన్ రాని పిల్లవాడికి తను రెండో వరసలో ఉన్నానని తెలిసిపోతుంది. ఆ వరస గీసేది హెడ్ కోచ్ అయినా, దానికి కావలసిన చూపు అసిస్టెంట్‌ది.

ఆ చూపు వేసవిలో వస్తుంది. జూన్, జులైల్లో క్లబ్ టోర్నమెంట్లు, ఒకే ఆవరణలో పక్కపక్కన ఎన్నో మైదానాలు, ఎండలో రోజంతా నడక. గోల్ కొట్టినవాణ్ని ఎవరైనా చూస్తారు. చూడాల్సింది బంతి లేనప్పుడు ఎటు నిలబడ్డాడు, గ్రౌండ్ బాల్‌కి వంగే ముందు భుజం మీదుగా వెనక్కి చూశాడా, బలహీనమైన చేత్తో పాస్ ఇవ్వగలడా, బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తాడా లేక రెఫరీ వైపు చేతులు చాచాడా, మార్చి కూర్చోబెట్టినప్పుడు బెంచీ మీద ఎలా ఉన్నాడు. తర్వాత మార్కుల కాగితం. డివిజన్ 1లో ఆడాలంటే 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ. అది ఎన్‌సీఏఏ గడప మాత్రమే, మంచి కాలేజీల గడప చాలా ఎత్తు. ఐవీ లీగ్‌లో, అంటే హార్వర్డ్, కార్నెల్ లాంటి కాలేజీల్లో, క్రీడా స్కాలర్‌షిప్పులే లేవు, అక్కడి అసిస్టెంట్ సగం సమయం అడ్మిషన్ ఆఫీసుతోనే గడుపుతాడు.

డబ్బు లెక్కలు కూడా ఈ మధ్యే మారాయి. పాత పద్ధతిలో ఒక డివిజన్ 1 మగవాళ్ల జట్టుకి మొత్తం 12.6 స్కాలర్‌షిప్పులు. నలభై యాభైమందికి వాటిని ముక్కలుగా పంచేవారు. ఒకరికి నలభై శాతం, ఇంకొకరికి పుస్తకాల ఖర్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో రాజీ), అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ పరిమితి పోయి రోస్టర్ పరిమితి, అంటే జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి, వచ్చింది: మగవాళ్లకి 48, ఆడవాళ్లకి 38. ఇది అసిస్టెంట్ నోట్‌బుక్‌ని ఎలా మార్చిందో చూడండి. 48ని నాలుగేళ్లకి పంచితే ఏడాదికి పన్నెండుమంది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి ఇద్దరు ముగ్గురు వస్తే హైస్కూల్ నుంచి తొమ్మిది పదిమందే. "తీసుకుందాం, మూడేళ్లకి తయారవుతాడు" అనే పిల్లవాడికి చోటు తగ్గింది. ఆ మాట తల్లిదండ్రులకి ఫోన్‌లో నిజాయితీగా చెప్పగలిగే కోచ్‌ని నమ్మండి. నవంబర్ దాకా నాన్చి చివర్లో లేదనేవాళ్లూ ఉన్నారు.

ఉద్యోగ నిచ్చెన గురించి. మొదటి మెట్టు చాలామందికి డివిజన్ 3 లేదా డివిజన్ 2లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. ట్యూషన్ మాఫీ, చిన్న స్టైపెండ్, కొన్నిచోట్ల హాస్టల్ గది. డివిజన్ 3 పూర్తికాల అసిస్టెంట్లలో చాలామందికి రెండో బాధ్యత ఉంటుంది: ఎక్విప్‌మెంట్ గది, అడ్మిషన్లు, విద్యార్థి వసతి. దాన్ని తక్కువగా చూడకండి, ఆ రెండో బాధ్యతకే బీమా వస్తుంది. ఇండియా నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చి ఇలాంటి అసిస్టెంట్‌షిప్ చేయాలనుకుంటే, తరగతులు నడిచే కాలంలో క్యాంపస్ పని వారానికి 20 గంటలే. సీజన్‌లో ఈ పని ఆ గంటల్లో పట్టదు. హెడ్ కోచ్‌తో, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతో ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

తర్వాత డివిజన్ 1లో మూడో కుర్చీ, కోఆర్డినేటర్ (ఒక విభాగం మొత్తం నడిపేవాడు), అసోసియేట్ హెడ్ కోచ్, హెడ్ కోచ్. నిచ్చెన అని అన్నాను గానీ అందరూ ఒకే దారిలో ఎక్కలేదు. నోట్రడేమ్‌లో ఏళ్ల తరబడి డిఫెన్స్ నడిపిన గెర్రీ బర్న్ 2019లో హార్వర్డ్ హెడ్ కోచ్ అయ్యాడు. కార్నెల్‌లో కానర్ బుచెక్ అక్కడే ఆడి, అక్కడే అసిస్టెంట్‌గా ఉన్నాడు. 2020లో హెడ్ కోచ్ పీటర్ మిలిమన్ జాన్స్ హాప్కిన్స్‌కి వెళ్లడంతో చిన్న వయసులోనే జట్టు అతని చేతికొచ్చింది. 2025లో ఆ జట్టు జాతీయ ఛాంపియన్, 1977 తర్వాత కార్నెల్‌కి అదే మొదటిది. ఎదురు దిశలో కూడా చూడండి: డేవ్ పీట్రమాలా హాప్కిన్స్ హెడ్ కోచ్‌గా 2005, 2007 టైటిళ్లు గెలిచాడు. 2020లో ఆ పదవి పోయాక నార్త్ కరోలినాలో, తర్వాత సిరక్యూస్‌లో డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా, అంటే మళ్లీ అసిస్టెంట్‌గా పనిచేశాడు. ఈ వృత్తిలో దాన్ని ఎవరూ దిగజారడం అనుకోరు. డిఫెన్స్ నడపడం వచ్చినవాడికి డిఫెన్స్ దొరికింది, అంతే.

అభద్రత మాత్రం నిజం. హెడ్ కోచ్ మారితే కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. మే నెలాఖరులో మెమోరియల్ డే వారాంతంతో సీజన్ ముగుస్తుంది, జూన్‌లో కుర్చీలాట. ఇల్లు కొనే ముందు హెడ్ కోచ్ కాంట్రాక్టు ఇంకెన్నేళ్లుందో కనుక్కోవడం అసిస్టెంట్ కుటుంబాలకి మామూలు విషయం.

ప్రశ్నలుంటే తీసుకుందాం.

(సభలోంచి ఒక తల్లి: మా అమ్మాయి ఆడుతోందండీ. ఇదంతా ఆడపిల్లల జట్లకీ ఇలాగేనా?)

ఉద్యోగం తీరు అదేనమ్మా, ఆట వేరు. జట్టుకి పన్నెండుమంది, మగవాళ్ల ఆటలోలాగా శరీరంతో ఢీకొట్టడం ఉండదు, ఫేసాఫ్ బదులు నిలబడి చేసే డ్రా, షాట్ క్లాక్ 90 సెకన్లు. డిఫెన్స్ కోచ్ మొదట నేర్పాల్సింది గోల్ ముందు గీసిన 8 మీటర్ల ఆర్క్‌లో ఫౌల్ చేయకుండా అడ్డం నిలబడటం, ఎందుకంటే అక్కడి ఫౌల్ ఎదురు జట్టుకి గోలీ ఒక్కర్తే అడ్డున్న షాట్ ఇస్తుంది. మగవాళ్ల స్లైడ్ కార్డులు తెచ్చి అలాగే వాడితే కార్డులు కాదు, పసుపు కార్డులు వస్తాయి. ఇంకో మాట, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సిక్సెస్ పద్ధతి, ఆరుగురి ఆట, 30 సెకన్ల క్లాక్. రెండు వైపులా ఆడగలిగే పిల్లలకి అది బాగా కుదురుతుంది.

(ఒక విద్యార్థి: సర్, నేను వచ్చే ఏడాది గ్రాడ్యుయేట్ అవుతాను. మొదటి ఉద్యోగానికి ఏం సిద్ధం చేసుకోవాలి?)

ఇప్పటి నుంచే మీ జట్టు ఫిల్మ్ ముక్కలు చేసే పని అడిగి తీసుకోండి, ఎవరూ కాదనరు. స్టిక్ అల్లడం నేర్చుకోండి, కనీసం పది-డైమండ్ మెష్ ఒకటి గంటలోపు. దరఖాస్తుతోపాటు మూడు కాగితాలు పెట్టండి: ఒక 90 నిమిషాల ప్రాక్టీసు ప్లాన్ నిమిషాలతో సహా, నిజమైన ప్రత్యర్థి మీద రాసిన ఒక పేజీ స్కౌటింగ్ రిపోర్టు, మీరు చూసిన ఐదుగురు హైస్కూల్ ఆటగాళ్ల అంచనా. ఆటగాడిగా మీ గోల్స్ లెక్క మొదటి పేజీలో వద్దు. డివిజన్ 3 హెడ్ కోచ్‌లకి మే మధ్య నుంచే రాయడం మొదలుపెట్టండి, ఖాళీలు జూన్, జులైల్లో ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటాయి. ఒక పెద్ద కాలేజీలో కుర్చీ కదిలితే కింద నాలుగు కదులుతాయి. ఇంటర్వ్యూలో చేతికి మార్కర్ ఇచ్చి, 3-3 మ్యాన్-అప్‌ని ఐదుగురితో ఎలా ఆపుతావో గీయమంటారు. ముందు గోలీని గీయండి, అతను ఏం అరుస్తాడో పక్కన రాయండి, తర్వాత క్రీజ్ మనిషి, ఆ తర్వాతే మిగతా నలుగురు.